పెలికన్ 1750 రైఫిల్ పెట్టె: బెంగళూరు, చెన్నైల నుంచి ఆఫ్రికా వేటకు వెళ్లేవాళ్ల కోసం

సొంత రైఫిల్ వెంట పెట్టుకుని దక్షిణాఫ్రికాకో నమీబియాకో వేటకు వెళ్లేవాళ్లకు పెలికన్ 1750 కొనదగ్గ పెట్టె. స్కోపు (గురి చూసే దుర్బిణి) బిగించిన బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ఒక్కో తూటాకు చేత్తో బోల్టు లాగి నెట్టేది) ఉండి, దారిలో విమానం మారాల్సి ఉంటే ఇంతకన్నా మంచిదాని కోసం వెతుక్కోనక్కర్లేదు. డబుల్ బ్యారెల్ 12 బోర్ (రెండు గొట్టాల తుపాకీ) ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు. ఎందుకో చివర్లో చెప్తాం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తర్వాత మన దేశంలో సరదా వేట అన్నది లేదు. చిత్తూరు, కడప, అనంతపురం వైపు తాతల నాటి లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్లవాళ్లు బెంగళూరులోనో చెన్నైలోనో స్థిరపడి, ఇప్పుడు ఆఫ్రికాలోని వేట ఫారాల్లో స్ప్రింగ్‌బాక్, కూడూ అనే జింకల్లాంటి జంతువుల వేటకు వెళ్లాలనుకుంటున్నారు. అక్కడ రైఫిల్ అద్దెకు దొరుకుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు మా సలహా కూడా అద్దె రైఫిలే. చేతికి అలవాటైన సొంత రైఫిలే కావాలనుకునేవాళ్ల కోసం ఈ రివ్యూ.

ముందు కొలతలు. లోపలి పొడవు 128 సెం.మీ., వెడల్పు 34, లోతు 13. బయట సుమారు 135, 41, 16. ఫోమ్‌తో కలిపి ఖాళీ పెట్టె బరువే 12 కిలోలు. ఈ అంకెల్లో రెండు విషయాలు ఇమిడి ఉన్నాయి. ఒకటి, పొడవు, వెడల్పు, ఎత్తు కూడితే 190 సెం.మీ. దాటుతుంది. మామూలు చెక్-ఇన్ సామానుకు చాలా ఎయిర్‌లైన్లు పెట్టుకున్న హద్దు 158. అంటే ఇది ఎప్పుడూ ఓవర్‌సైజ్ బ్యాగేజీయే. రుసుం ఎంతో టికెట్ కొనే ముందే అడగాలి, ఒప్పుకున్నట్టు మెయిల్‌లో రాయించుకోవాలి. రెండు, స్కోపుతో కలిపి 4 కిలోల రైఫిల్ పెడితే మొత్తం 16 కిలోలు, తాళాలు, రైఫిల్ భుజానికి తగిలించుకునే బెల్టు, శుభ్రం చేసే కడ్డీతో 17. ఎకానమీ టికెట్ 23 కిలోల లోపు హాయిగా సరిపోతుంది. తల అటూ తోక ఇటూగా రెండో రైఫిల్ కూడా పడుతుంది, అప్పుడు బరువు 21 దాటుతుంది. మిగిలిన రెండు కిలోలను బూట్లతోనో జాకెట్టుతోనో నింపొద్దు. తుపాకీ పెట్టెలో తుపాకీకి సంబంధించినవి తప్ప వేరేవి కనిపిస్తే తనిఖీ రెండింతలవుతుంది.

పెట్టె గోడలు గట్టి ప్లాస్టిక్. మూత అంచు చుట్టూ రబ్బరు రింగు ఉంటుంది, నీళ్లు లోపలికి పోవు. విమానం ఎక్కి దిగేటప్పుడు గాలి ఒత్తిడి సరిచేయడానికి చిన్న వాల్వ్ ఉంది. అది లేని పెట్టెలు దిగాక మూత బిగుసుకుపోయి కౌంటర్ దగ్గర తెరుచుకోక మొరాయిస్తాయి. ఒక చివర చక్రాలున్నాయి. బెంగళూరు టెర్మినల్ 2లో పార్కింగ్ నుంచి కౌంటర్ దాకా నడిచే దూరానికి అవి ఎంత అవసరమో నడిచినవాళ్లకు తెలుసు.

దీని అసలు విలువ ఫోమ్‌లో ఉంది. అక్కడే చాలామంది పాడుచేసుకుంటారు. మూత లోపల గుడ్ల అట్టలా ఎగుడుదిగుడు ఫోమ్, అడుగున బల్లపరుపు పొరలు వస్తాయి. కోయకుండా రెండు పొరల మధ్య రైఫిల్ పెట్టి మూత వేసేస్తే పని జరిగినట్టే కనిపిస్తుంది. కానీ మూత అదిమే బరువంతా స్కోపు మీద, దాని టరెట్ల (గురి సరిచేసే మరల) మీద పడుతుంది. ఎయిర్‌పోర్టు బెల్టు మీద పెట్టె నాలుగు దెబ్బలు తిన్నాక స్కోపు జీరో, అంటే సరిచేసి పెట్టుకున్న గురి, కదిలిపోతుంది. అక్కడ ఫారంలో మొదటి పని గురి సరిచూసుకోవడమే కాబట్టి తప్పు బయటపడుతుంది, కానీ దానికి పదో పదిహేనో తూటాలు ఖర్చవుతాయి. తీసుకెళ్లే తూటాలకు లెక్క ఉంది కదా.

కోసే పద్ధతి ఇది. రైఫిల్ నుంచి బోల్టు తీసేయండి, మ్యాగజైన్ (తూటాల డబ్బా) ఊడేదైతే అదీ తీయండి. పెద్ద అట్ట మీద రైఫిల్ పడుకోబెట్టి చుట్టూ గీత గీయండి. ఆ గీతకు 3 మిల్లీమీటర్లు లోపలికి కోస్తే బిగువుగా కూర్చుంటుంది. గొట్టం కొస వైపు, బట్టు (భుజానికి ఆనించే చివర) వైపు కనీసం 5 సెం.మీ. ఫోమ్ గోడ మిగలాలి. 24 అంగుళాల గొట్టమున్న .30-06 క్యాలిబర్ (తూటా కొలత) రైఫిల్ పొడవు సుమారు 112 సెం.మీ. కాబట్టి రెండు వైపులా ఎనిమిదేసి సెంటీమీటర్లు దొరుకుతాయి. .375 మ్యాగ్నమ్ కాస్త పొడుగు, అయినా పడుతుంది. బ్లేడు పొడుగ్గా బయటికొచ్చే కట్టర్ తీసుకుని నాలుగైదు విడతల్లో కోయాలి. ఒక్క పోటులో కోస్తే అడుగున గూడు వంకర పోతుంది. అడుగున రెండు వేళ్ల మందం ఫోమ్ వదిలేయండి. స్కోపు ఉన్నచోట మాత్రం గూడు అర సెంటీమీటరు వెడల్పు చేయండి. స్కోపును ఫోమ్ తాకకూడదు, రైఫిల్ బరువు కర్ర (చెక్క భాగం) మీద, రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప భాగం) మీద నిలవాలి. బోల్టుకు పక్కన వేరే గూడు. దాన్ని హ్యాండ్ బ్యాగులో వేసుకోవద్దు, తుపాకీ భాగం కాబట్టి సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది.

ఇదంతా పెట్టె కొన్నవాళ్లు ఎలాగో నేర్చుకుంటారు. ఎక్కువమంది పట్టించుకోనిది ఇంకొకటి: రైఫిల్‌ను ఏ పక్కకు పడుకోబెట్టాలి? సీరియల్ నంబరు ఉన్న పక్క పైకి ఉండాలి. మౌజర్ తరహా రైఫిళ్లలో నంబరు మామూలుగా రిసీవర్ ఎడమ పక్కన కొట్టి ఉంటుంది. గీత గీసేటప్పుడే ఎడమ పక్క పైకి పెట్టి గీస్తే, మూత ఎత్తగానే ఆఫీసర్‌కు నంబరు కనిపిస్తుంది. బోల్టు తీసి ఉంది కాబట్టి వెనకనుంచి చూస్తే గొట్టం ఖాళీ అని ఇట్టే తేలిపోతుంది. రైఫిల్‌ను చేతిలోకి ఎత్తాల్సిన అవసరమే ఉండదు. ఎయిర్‌పోర్టులో మీ చేతిలో రైఫిల్ ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. ఈ ప్రయాణంలో పెట్టె కనీసం ఐదుసార్లు తెరుచుకుంటుంది: ఇక్కడ ఎయిర్‌లైన్, కస్టమ్స్, అక్కడ పోలీసులు, తిరుగు ప్రయాణంలో మళ్లీ పోలీసులు, మళ్లీ కస్టమ్స్. ప్రతిచోటా ఒకటే పని, కాగితం మీది నంబరు ఇనుము మీది నంబరుతో సరిపోయిందా అని చూడటం. పాత రైఫిళ్లలో కొన్నిటికి స్కోపు మౌంటు (స్కోపును పట్టి ఉంచే బిగింపు) ఆ నంబరు మీదే కూర్చుంటుంది. అలాంటిదైతే మౌంటు మార్చించాలి, లేదా మౌంటు విప్పే స్క్రూడ్రైవర్ అదే పెట్టెలో ఉంచాలి. నంబరు అరిగిపోయి ఉంటే భూతద్దంతోనైనా ముందే చదివి, లైసెన్సులో ఉన్నదానితో అక్షరం అక్షరం సరిచూసుకోండి. చేత్తో రాసిన పాత లైసెన్సు పుస్తకాల్లో 8ని 3గా రాయడం, ముందున్న ఇంగ్లీషు అక్షరాన్ని వదిలేయడం మామూలే. దిద్దించుకోవాల్సింది లైసెన్సు ఇచ్చిన అధికారి దగ్గరే, అంటే బెంగళూరు, చెన్నై నగరాల్లో పోలీస్ కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్. అది నాలుగు రోజుల్లో అయ్యే పని కాదు.

తాళాల సంగతి. పెట్టెతో తాళాలు రావు, వాటి కోసం ఇనుప పట్టీ వేసిన రంధ్రాలు ఉంటాయి. ఇత్తడి తాళాలు, అన్నిటికీ ఒకే తాళంచెవి పట్టేవి కొనండి. ఎయిర్‌పోర్టు వాళ్ల మాస్టర్ కీతో తెరుచుకునే సూట్‌కేస్ తాళాలు దీనికి వద్దు. తుపాకీ పెట్టె తాళంచెవి ప్రయాణికుడి దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. తాళాలు వేశాక మూత అంచు పట్టుకుని మధ్యలో గట్టిగా లాగి చూడండి. వేలు దూరేంత సందు వస్తే ఇంకో తాళం కావాలి. పెలికన్‌లో ఆ సందు రాదు, సన్న రేకు అల్యూమినియం పెట్టెల్లో వస్తుంది. తాళంచెవులు సూట్‌కేసులో పెట్టి ఆ సూట్‌కేసును బెల్టు మీద వేసేయడం మామూలుగా జరిగే పొరపాటు. అవి జేబులోనే ఉండాలి.

ఎంత మంచి పెట్టె అయినా కాగితాల పని చేయదు. పెట్టె కొనే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఆంధ్ర జిల్లాలో తీసుకున్న లైసెన్సు ఏరియా ఎంతవరకో మొదట చూడండి. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే కుప్పం దాటి కర్ణాటకలోకి, తడ దాటి తమిళనాడులోకి తుపాకీ తేవడమే నేరం. బెంగళూరు ఎయిర్‌పోర్టు సంగతి ఆ తర్వాత. ఆలిండియా వ్యాలిడిటీ తీసుకోవాలి. 2019 సవరణతో ఒక మనిషికి ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. గడువు తిరిగొచ్చే తేదీ దాటి ఉండేలా చూసుకోండి. 1959 ఆయుధాల చట్టం పదో సెక్షన్ ప్రకారం చట్టబద్ధంగా తుపాకీ ఉన్న మనిషి సొంత వాడకానికి తగు మోతాదులో దేశం దాటించి తీసుకెళ్లడానికి, తిరిగి తేవడానికి ఎగుమతి, దిగుమతి లైసెన్సు విడిగా అక్కర్లేదు. ఈ సెక్షన్ ప్రతి ఒకటి ఫైల్లో పెట్టుకోండి, కౌంటర్‌లో ఉన్నవాళ్లందరికీ తెలిసి ఉండాలని లేదు.

పేరు విషయంలో మన తెలుగువాళ్లకు ఒక ప్రత్యేక చిక్కు ఉంది. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడమరిచి సర్‌నేమ్‌గా ఉంటుంది, టికెట్ మీద పాస్‌పోర్టు ప్రకారం ముందువెనకలు మారుతుంది. దక్షిణాఫ్రికా పోలీసుకు ఈ మూడూ ముగ్గురు మనుషులు. లైసెన్సులో పేరు మార్పించుకోవడం ఉత్తమం. వీలుకాకపోతే అందరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్. లైసెన్సు పుస్తకంలో తెలుగులో, కన్నడంలో, తమిళంలో రాసిన పేజీలు, ముద్రలు ఉంటే నోటరీ చేసిన ఇంగ్లీషు అనువాదం జతచేయండి. ఇంకొకటి, తుపాకీ ప్రయాణం చేసే మనిషి పేరు మీదే ఉండాలి. నాన్నగారి పేరున ఉన్న రైఫిల్‌ను కొడుకు పట్టుకెళ్లడం కుదరదు.

దక్షిణాఫ్రికాకు తాత్కాలిక దిగుమతి అనుమతి కావాలి. దాని దరఖాస్తు పేరు ఎస్‌ఏపీఎస్ (దక్షిణాఫ్రికా పోలీసు శాఖ) 520. నల్ల ఇంకుతో నింపాలి, సంతకం మాత్రం ముందే చేయకూడదు, అక్కడి ఆఫీసర్ ఎదుట చేయాలి. దరఖాస్తుతో పాటు పాస్‌పోర్టు ప్రతి, తిరుగు టికెట్, లైసెన్సు నోటరీ ప్రతి, వేటకు పిలుస్తూ వేట ఫారం వాళ్లు లెటర్‌హెడ్ మీద రాసిన ఆహ్వానం ఉండాలి. ఆహ్వానంలో తేదీలు, ఫారం చిరునామా, రైఫిల్ క్యాలిబర్, సీరియల్ నంబరు అన్నీ రాయించుకోండి. ఒక్కో క్యాలిబర్‌కు ఒక్కటే తుపాకీ, తుపాకీకి 200 తూటాలు మించకూడదు, ఆ తూటాలు ఆ తుపాకీవే అయి ఉండాలి. సెమీ ఆటోమేటిక్‌లు తీసుకురానివ్వరు. అనుమతికి పోలీసులు రుసుం తీసుకోరు. ముందుగానే పంపి అనుమతి సిద్ధం చేయించే ఏజెంట్లు తమ సేవకు డబ్బు తీసుకుంటారు, రద్దీ నెలల్లో వెళ్లేవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు. జొహన్నెస్‌బర్గ్‌లో రైఫిల్ మామూలు బెల్టు మీద రాదు, పోలీసుల తుపాకీ గదికి వెళ్తుంది. అక్కడ వరుసలో నిలబడాలి. అందుకని దిగిన రోజే ఇంకో విమానం పెట్టుకుంటే కనీసం నాలుగు గంటల తేడా ఉంచుకోండి. ఫారం వాళ్లు కారు పంపేలా మాట్లాడుకుంటే ఇంకా నయం. నమీబియా దీనికన్నా సులువు: రాజధాని విండ్‌హోక్‌లో దిగాక అక్కడే దరఖాస్తు నింపి అనుమతి తీసుకోవచ్చు, చేతి తుపాకులు, సెమీ ఆటోమేటిక్‌లు అక్కడా నిషేధం.

బెంగళూరు, చెన్నైల నుంచి జొహన్నెస్‌బర్గ్‌కు నేరుగా విమానం లేదు. గల్ఫ్‌లోనో ఇథియోపియాలోని అడిస్ అబాబాలోనో మారాలి. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండి, సామాను చివరిదాకా ట్యాగ్ అయ్యేలా చూసుకోండి. రెండు విడి టికెట్లు కొంటే మధ్య దేశంలో పెట్టె మీ చేతికొస్తుంది, ఆ దేశపు అనుమతి లేకుండా తుపాకీతో నిలబడినట్టవుతుంది. కొన్ని దేశాలు విమానం మారే సామానుకు కూడా ముందస్తు అనుమతి అడుగుతాయి. ఆ పని ఎయిర్‌లైన్ ద్వారా జరగాలి, అందుకే టికెట్ తీసిన రోజే వాళ్లకు తుపాకీ వివరాలు పంపాలి.

తూటాలకు ఈ పెట్టెలో చోటు చేయొద్దు. గట్టి డబ్బాలో, తాళం వేసి, విడిగా చెక్-ఇన్ చేసే సూట్‌కేసులో ఉండాలి. విమాన నియమం ప్రకారం మనిషికి డబ్బాతో కలిపి 5 కిలోలు, అదీ ఎయిర్‌లైన్ ఒప్పుకుంటేనే. ఇద్దరి వాటా ఒకే డబ్బాలో కలపకూడదు. .30-06 తూటాలు అరవై తీసుకెళ్తే రెండు కిలోల లోపే, వారం వేటకు అవి సరిపోతాయి. 12 బోర్ తూటాలు వంద అయితేనే నాలుగు కిలోలు దాటుతాయి. మన ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ తీసుకెళ్లేవాళ్లు మొత్తం తూటాలు ఇక్కడినుంచే మోసుకెళ్లాలి, ఆ క్యాలిబర్ అక్కడి షాపుల్లో దొరుకుతుందని ఆశపడొద్దు. శుభ్రం చేసే స్ప్రే డబ్బాలు, మండే సాల్వెంట్లు విమానంలో రానివ్వరు. పొడి గుడ్డ, కడ్డీ చాలు.

బయల్దేరే రోజు నాలుగు గంటల ముందు చేరండి. కౌంటర్‌లో మొదటి మాటే తుపాకీ ఉందని చెప్పండి. పెట్టె బెల్టు మీదికి వెళ్లకముందే కస్టమ్స్ వాళ్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. వరుస తప్పితే అసలుకే ఎసరు: పెట్టె లోపలికి వెళ్లిపోయాక కస్టమ్స్‌కు చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. ఆ సర్టిఫికెట్ లేకపోతే తిరిగొచ్చేటప్పుడు ఇది ఇక్కడినుంచి తీసుకెళ్లిన రైఫిలే అని నిరూపించుకోవడం మీ నెత్తిన పడుతుంది. డ్యూటీ లేని సామాను జాబితాలోకి తుపాకులు రావు కాబట్టి, తిరుగు ప్రయాణంలో సామాను కస్టమ్స్‌కు చూపించే రెడ్ ఛానెల్‌కే నడవండి. మిగిలిన తూటాలు అక్కడే నియమప్రకారం వదిలేసి రావడం మేలు. జాకెట్టు జేబులు, హ్యాండ్ బ్యాగు మడతలు విమానం ఎక్కే ముందు రెండుసార్లు వెతకండి, ఒక్క తూటా దొరికినా పోలీసు కేసు దాకా పోతుంది. కొమ్ములు, చర్మాలు వెంట తెచ్చుకునే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

చెన్నైవాళ్లకు ఒక మాట విడిగా చెప్పాలి. విమానం అడుగున చల్లబడిన ఇనుము చెన్నై ఉక్కలో బయటికొచ్చి తెరుచుకున్న క్షణాన దానిమీద తేమ పడుతుంది. నీళ్లు రాని పెట్టె కాబట్టి ఆ తేమ బయటికి పోదు, ఫోమ్ దాన్ని పీల్చి ఇనుముకు అంటిపెట్టుకుని ఉంచుతుంది. రెండు మూడు రోజుల్లో గొట్టం మీద, బోల్టు పిడి దగ్గర ఎర్రటి చుక్కలు మొదలవుతాయి. ఇంటికి చేరిన రాత్రే రైఫిల్ బయటికి తీసి, పొడి గుడ్డతో తుడిచి, పల్చగా నూనె పూయండి. నూనె కారేంతగా పూసి ఫోమ్‌లో పెడితే ఫోమ్ మెత్తబడి పాడవుతుంది. పెట్టెను మూత తీసి ఒక రోజు ఫ్యాను కింద ఆరనివ్వండి. సిలికా జెల్ పొట్లాలు దారిలో పనికొస్తాయి, నెలల తరబడి కాదు. దీన్ని ఇంట్లో తుపాకీ దాచుకునే పెట్టెగా వాడటం తప్పు, అది ఇనుప బీరువా పని.

12 బోర్ వాళ్ల సంగతి. డబుల్ బ్యారెల్ తుపాకీని గొట్టాలు, కర్ర విడదీసి పెట్టుకోవచ్చు. గొట్టాలు 28, 30 అంగుళాలే కాబట్టి 85 సెం.మీ. పొడవున్న టేక్‌డౌన్ పెట్టెలో సరిపోతుంది, కొలతలన్నీ కూడినా 158 దాటదు, ఓవర్‌సైజ్ రుసుం ఉండదు, ఆటోలో కూడా పడుతుంది. పైగా 12 బోర్‌లో నంబరు యాక్షన్ (తూటా పేల్చే యంత్రభాగం) మీద, గొట్టాల మీద, ముందు కర్ర ఇనుము మీద మూడు చోట్ల ఉంటుంది, విడదీస్తేనే కనిపిస్తుంది. దాన్ని అతికించి 1750లో పడుకోబెడితే ప్రతి కౌంటర్ దగ్గరా విప్పి చూపించాల్సి వస్తుంది. టేక్‌డౌన్ పెట్టెలో మూడు భాగాలూ నంబర్లు పైకి ఉండేలా గూళ్లు కోయించుకోండి. ముందు కర్రను మాత్రం విడిగా దారంతో కట్టి గూట్లో ఉంచండి, తనిఖీ హడావుడిలో జారి బల్ల కింద మిగిలిపోయే భాగం అదే.